వాసర్‌కుప్పె కొండ మీద 18 సెకన్లు

జర్మనీకి చదువుకోడానికో ఉద్యోగానికో వచ్చిన తెలుగువాళ్ల వీకెండ్ ట్రిప్పుల లిస్టు దాదాపు ఒకటే. నోయ్‌ష్వాన్‌స్టైన్ కోట, కొలోన్ చర్చి, బ్లాక్ ఫారెస్ట్. ఇన్‌స్టాలో ఫొటోలు చూస్తే ఏది ఎవరి అకౌంటో పోల్చుకోవడం కష్టం. ఆ లిస్టులో ఎప్పుడూ కనపడని కొండ ఒకటుంది. పేరు వాసర్‌కుప్పె. జర్మన్‌లో వాసర్ అంటే నీళ్లు, కుప్పె అంటే గుండ్రటి కొండ శిఖరం. మన ‘కుప్ప’కీ దానికీ చుట్టరికం లేదుగానీ, చూడ్డానికి మాత్రం నిజంగా పచ్చగడ్డి కుప్పలానే ఉంటుంది. ఫుల్డా నది పుట్టేది కూడా ఇక్కడే.

ఎత్తు 950 మీటర్లు. మన హార్స్‌లీ హిల్స్ కన్నా పొట్టిదే. మంచు శిఖరాలు ఉండవు, జలపాతాలు ఉండవు. కానీ ఇంజిన్ లేని విమానాలకి, అంటే గ్లైడర్లకి, ఇది పుట్టిల్లు. గ్లైడర్లు నడిపేవాళ్లకి ఈ పేరు చెబితే చాలు, మొహం వెలిగిపోతుంది. నేను ఫ్రాంక్‌ఫర్ట్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నా. ఈ కొండకి వెళ్లింది గ్లైడర్ ఎక్కుదామని. తిరిగొచ్చాక మాత్రం ఎక్కువగా ఆలోచించింది ఆ గ్లైడర్ డ్యాష్‌బోర్డులో ఉన్న ఒక చిన్న డబ్బా గురించి.

కుర్రాళ్ల కొండ

ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి ఫుల్డా ఊరికి ఐసీఈ రైల్లో సుమారు గంట. డాయిచ్‌లాండ్ టికెట్ ఉన్నవాళ్లు నిదానంగా వెళ్లే లోకల్ రైలెక్కితే అదనంగా పైసా ఖర్చుండదు. ఫుల్డా నుంచి చిన్న రైల్లో గెర్స్‌ఫెల్డ్. అక్కడి నుంచి కొండ మీదికి బస్సు, లేదా ఓపికుంటే నడక. వీకెండ్లో బస్సులు తక్కువ, టైమింగ్స్ ముందే చూసుకోండి.

పైకి చేరగానే మొదట తగిలేది గాలి. మే నెల మధ్యాహ్నమైనా జాకెట్ జిప్పు పైదాకా లాక్కోవాల్సిందే. ఆ గాలే ఈ కొండ చరిత్ర మొత్తాన్ని రాసింది. 1911లో డార్మ్‌స్టాట్ ఊరి విద్యార్థులు సొంతంగా తయారుచేసుకున్న గ్లైడర్లు మోసుకుని ఇక్కడికొచ్చారు. మొదటి ప్రపంచ యుద్ధం అయిపోయాక వెర్సాయ్ ఒప్పందం జర్మనీలో ఇంజిన్ విమానాల మీద ఆంక్షలు పెట్టింది. ఇంజిన్ లేకపోతేనేం అనుకున్నారు కుర్రాళ్లు. 1920లో ఈ కొండ మీద మొదటి గ్లైడర్ పోటీ పెట్టారు. 1922లో ‘వాంపైర్’ అనే గ్లైడర్ గంటకు పైగా గాల్లో నిలిచింది. అదే నెలలో రికార్డు మూడు గంటలకు చేరింది. 1926లో మాక్స్ కేగెల్ అనే పైలట్‌ని ఉరుముల మేఘం లోపలికి లాగేసుకుంది. ఆయన బతికి బయటపడటమే కాదు, 55 కిలోమీటర్ల దూరంలో దిగాడు. అప్పటికి అది పెద్ద దూరమే.

ఈ కథంతా కొండ మీదున్న గ్లైడర్ మ్యూజియంలో కళ్ల ముందే కనిపిస్తుంది. కర్ర, గుడ్డ, తీగలతో కట్టిన పాతవాటి నుంచి అద్దంలా మెరిసే ఫైబర్ రెక్కల దాకా వరసగా ఉంటాయి. బయట రాళ్ల గుట్ట మీద ఒక కంచు డేగ ఉంది. యుద్ధంలో చనిపోయిన పైలట్ల జ్ఞాపకంగా 1923లో పెట్టారు. కాస్త అవతల తెల్లటి పెద్ద బంతిలా ఒక రాడార్ గోపురం. ప్రచ్ఛన్న యుద్ధం రోజుల్లో తూర్పు వైపు నుంచి ఏ విమానం వస్తుందో కాపు కాయడానికి కట్టినవాటిలో మిగిలింది అదొక్కటే. ఇప్పుడు టూరిస్టులు ఎక్కి చుట్టుపక్కల చూస్తుంటారు.

దాని కిందే, గడ్డి మైదానం అంచున, నేనెక్కాల్సిన గ్లైడర్ రెక్క ఒకటి నేలకానించి నిలబడి ఉంది.

గద్దల ప్రదక్షిణ

ఆ గ్లైడర్ పేరు ఏఎస్‌కే 21. రెండు సీట్లు, 17 మీటర్ల రెక్కలు. తయారుచేసే ష్లైకర్ కంపెనీ ఈ కొండ కిందున్న పోపెన్‌హౌజెన్ అనే పల్లెలో 1927 నుంచీ ఉంది. ఒక కిలోమీటరు ఎత్తు నుంచి వదిలేస్తే, గాలి మామూలుగా ఉంటే, సుమారు 34 కిలోమీటర్లు జారుకుంటూ పోగలదు.

మరి గంటల తరబడి పైన ఎలా ఉంటుంది? దానికి జవాబు మనందరం చిన్నప్పుడే చూశాం. ఎండాకాలం మధ్యాహ్నం డాబా మీద నుంచి చూస్తే గద్ద రెక్క ఆడించకుండా గుండ్రంగా తిరుగుతూ పైపైకి పోతుంటుంది కదా. ఎండకి కాగిన నేల మీది గాలి వేడెక్కి పైకి లేస్తుంది. దాన్ని థర్మల్ అంటారు. గద్ద ఆ గాల్లోనే సుడి తిరుగుతుంది. గ్లైడర్ చేసేదీ అదే. గద్ద ఎక్కడ తిరుగుతుంటే పైలట్లు అక్కడికి పరిగెడతారు కూడా.

ఒకే థర్మల్లో నాలుగైదు గ్లైడర్లు చేరితే ఒక కట్టుబాటుంది. ముందొచ్చినవాడు ఏ వైపు తిరుగుతుంటే తర్వాత వచ్చినవాళ్లంతా అదే వైపు తిరగాలి. గుడిలో ప్రదక్షిణలానే. ఎదురు తిరిగితే ఏమవుతుందో పండగ రోజు రద్దీలో చూసినవాళ్లకి చెప్పక్కర్లేదు.

చిక్కంతా ఇక్కడే ఉంది. ఆకాశం చాలా పెద్దది, నిజమే. కానీ లేచే గాలి దొరికే చోట్లు కొన్నే. అందరూ ఆ కొన్నిచోట్లకే వస్తారు. వాసర్‌కుప్పె మీద గ్లైడర్లే కాదు, పారాగ్లైడర్లు, గ్లైడర్లని లాగే చిన్న విమానాలు, మోడల్ విమానాలు ఎగరేసేవాళ్లు అందరూ ఉంటారు. చిన్న విమానాల లోకంలో అనాదిగా ఉన్న సూత్రం ఒకటే: కళ్లతో చూడు, తప్పుకో.

కళ్లు సరిపోతాయా? సరిపోవు. దానికి కారణం మన చూపు పనిచేసే తీరులోనే ఉంది. కదిలే వస్తువే మన కంటికి చటుక్కున ఆనుతుంది. కానీ సూటిగా మనల్ని గుద్దుకునే దారిలో వస్తున్న విమానం అద్దంలో ఒకేచోట చుక్కలా నిలిచి ఉంటుంది. పక్కకి జరగదు. చివరి కొద్ది సెకన్లలో ఒక్కసారిగా పెద్దదవుతుంది. పైగా గ్లైడర్ తెల్లగా, ఎదురుగా చూస్తే గీతలా సన్నగా ఉంటుంది. వెనక తెల్లటి మేఘం ఉంటే ఇక చెప్పేదేముంది!

అమెరికా విమానయాన సంస్థ ఎఫ్‌ఏఏ పైలట్లకిచ్చే సూచనల్లో ఒక లెక్క ఉంది. ఎదుటి విమానాన్ని చూసి, అది గుద్దుకునే దారిలో ఉందని గ్రహించి, నిర్ణయం తీసుకుని, చెయ్యి కదిపి, మన విమానం నిజంగా పక్కకి తిరిగేసరికి 12.5 సెకన్లు పడుతుంది. ఈ అంకె గుర్తుపెట్టుకోండి.

పెద్ద విమానాల మందు చిన్నవాటికి పనికిరాదు

1996 నవంబరు 12న హర్యానాలోని చర్ఖీ దాద్రీ పైన సౌదీ, కజకిస్తాన్ విమానాలు గాల్లో ఢీకొన్నాయి. 349 మంది చనిపోయారు. ఆ తర్వాతే మన దేశంలో పెద్ద విమానాలకి టీకాస్ అనే పరికరం తప్పనిసరి చేశారు. రెండు విమానాలు దగ్గరైతే ఒకదాన్ని ‘పైకి పో’ అని, ఇంకోదాన్ని ‘కిందికి పో’ అని ఆదేశించే యంత్రం అది.

అదే గ్లైడర్లో పెట్టొచ్చుగా అని నేనూ అడిగాను. కుదరదు. మొదటిది ఖర్చు. టీకాస్ పెట్టాలంటే వేలు, లక్షల డాలర్ల మాట. రెండోది కరెంటు. గ్లైడర్లో ఇంజినే లేదు, ఉన్నది చిన్న బ్యాటరీ. మూడోదే అసలు సంగతి. రెండు పెద్ద విమానాలు వంద మీటర్ల దూరంలోకి వస్తే అది పెద్ద గండం. అదే థర్మల్లో రెండు గ్లైడర్లు వంద మీటర్ల దూరంలో తిరగడం మామూలు సంగతి. దగ్గరగా వస్తే అరిచే యంత్రాన్ని అక్కడ పెడితే గంట సేపూ అరుస్తూనే ఉంటుంది. పది నిమిషాలయ్యాక పైలట్ దాని నోరు కట్టేస్తాడు. మన ఫోన్లో నోటిఫికేషన్లు ఎక్కువైతే మ్యూట్ చేసేసినట్టు.

2003లో ఆల్ప్స్ కొండల పైన గ్లైడర్లు ఢీకొని ప్రాణాలు పోయాయి. ఇది చూసి స్విట్జర్లాండ్‌లో ఉర్స్ రోథాకర్, ఆండ్రియా ష్లాప్‌బాఖ్ అనేవాళ్లు పని మొదలుపెట్టారు. 2004లో ఒక చిన్న డబ్బా బయటికొచ్చింది. ఫ్లైట్, అలారం అనే రెండు మాటలు కలిపి పేరు పెట్టారు: ఫ్లార్మ్.

డబ్బాలో ఏముంది?

ఇంజినీరింగ్ చదివినవాళ్లకి ఇది వింటే సరదాగా ఉంటుంది. అందులో ఉన్నవన్నీ మనకు తెలిసిన సామాన్లే. ఒక జీపీఎస్, గాలి ఒత్తిడి కొలిచే సెన్సర్, ఒక చిన్న రేడియో, ఒక ప్రాసెసర్. రేడియో వాడేది యూరప్‌లో ఇళ్ల అలారాలు, సెన్సర్లు వాడే 868 మెగాహెర్ట్జ్ ప్రాంతమే. లైసెన్సు అక్కర్లేదు. అందుతుండే దూరం కొన్ని కిలోమీటర్లు.

తెలివంతా లెక్కలో ఉంది. ఈ డబ్బా ‘నేనెక్కడున్నాను’ అని మాత్రమే చెప్పదు. ‘వచ్చే కొన్ని సెకన్లలో నేను ఎటు పోతాను’ అని ఊహించి, ఆ దారిని సుమారు సెకనుకోసారి చుట్టుపక్కలకి చాటుతుంది. సుడి తిరుగుతున్న గ్లైడర్ ఇంకా తిరుగుతూనే ఉంటుందని దానికి తెలుసు. అవతలి డబ్బా కూడా తన దారి చెబుతుంది. రెండు దారులూ ఒకేచోట, ఒకే క్షణంలో కలుస్తాయని తేలితేనే అరుస్తుంది. ఒకే థర్మల్లో ఎదురెదురుగా బుద్ధిగా తిరుగుతుంటే చప్పుడు చేయదు.

మొదటి హెచ్చరిక వచ్చేది ఢీకొనే క్షణానికి సుమారు 18 సెకన్ల ముందు. దగ్గరపడేకొద్దీ చప్పుడు జోరందుకుంటుంది. గుండ్రంగా ఉన్న చిన్న లైట్లలో ఏది వెలిగితే ఆ వైపు ప్రమాదం. పైనా కిందా అన్నదీ చూపిస్తుంది. కొండల్లో రోప్‌వే తీగలు, కరెంటు లైన్లు, టవర్ల పట్టిక ఎక్కించుకుంటే వాటి గురించీ హెచ్చరిస్తుంది.

కానీ ‘పైకి పో’ అనో ‘కిందికి పో’ అనో ఎప్పుడూ చెప్పదు. ఎటు చూడాలో చెబుతుంది, అంతే. మిగతాది పైలట్ పని.

ఖాళీగా కనిపించిన ఆకాశం

మా పైలట్ అరవై దాటిన పెద్దాయన. ప్యారాచూట్ పట్టీలు బిగిస్తూ మొదట చెప్పిన మాట: “నీ కళ్లు కూడా నాకు కావాలి. ఏ గ్లైడర్ కనిపించినా గడియారంలో టైమ్ చెప్పినట్టు చెప్పు. ఎదురుగా అయితే 12, కుడి పక్క 3.” నేను ముందు సీట్లో, ఆయన వెనక. చిన్న విమానం తాడుతో మమ్మల్ని లాక్కుంటూ పైకి తీసుకెళ్లింది. పసుపు గుండీ లాగగానే తాడు ఊడిపోయింది. ఆ తర్వాత గాలి సవ్వడి తప్ప ఏమీ లేదు.

థర్మల్ దొరికింది. మాకు పైన ఒక గ్లైడర్, దాదాపు మా ఎత్తులోనే ఇంకోటి. అవతలి పైలట్ టోపీ రంగు కూడా తెలుస్తోంది. నా అరచేతుల్లో చెమట. ఫ్లార్మ్ మాత్రం నోరు విప్పలేదు.

థర్మల్ వదిలి సూటిగా బయల్దేరిన కాసేపటికి బీప్ మొదలైంది. కుడివైపు, 2 గంటల దిక్కులో ఎర్ర లైటు. నేను చూశా. మేఘం తప్ప ఏమీ లేదు. ఇంకా చూశా. ఏమీ లేదు. బీప్‌లు దగ్గరపడ్డాయి. అప్పటికే పెద్దాయన ఎడమవైపు వంచేశారు. అప్పుడు కనపడింది, మేఘం మీద తెల్లటి గీత, పక్క క్షణంలో రెక్కలు, తోక. అదీ అవతలికి తిరుగుతోంది. వాళ్ల డబ్బా కూడా అరిచిందన్నమాట.

కిందికి దిగాక కాఫీ తాగుతూ ఆయన్ని అడిగాను, భయమేయలేదా అని. ఇది ఢీకొనేంత దాకా పోయిన సంగతేం కాదన్నారు. తర్వాత అసలు విషయం చెప్పారు. ఈ డబ్బా కొత్తగా వచ్చినప్పుడు ఆయనకి నచ్చలేదట. కుర్ర పైలట్లు బయటికి చూడ్డం మానేసి లైట్ల వంకే చూస్తారని వాదించారట. క్లబ్బులో అందరూ పెట్టుకుంటుంటే తానూ పెట్టుకున్నారు. మొదటి వేసవిలోనే అది చూపించిన గ్లైడర్లలో కొన్ని తన కంటికి అసలు ఆనలేదట. “20 ఏళ్లు ఆకాశం ఖాళీగా ఉందనుకుంటూ ఎగిరాను. ఖాళీగా లేదు. నాకు కనపడలేదు, అంతే” అన్నారు.

రైల్లో తిరిగొస్తూ లెక్క వేసుకున్నా. రెండు గ్లైడర్లు గంటకి చెరో 100 కిలోమీటర్ల వేగంతో ఎదురెదురుగా వస్తే సెకనుకి 55 మీటర్ల చొప్పున దగ్గరవుతాయి. 18 సెకన్లంటే ఒక కిలోమీటరు. అందులో 12.5 సెకన్లు చూడ్డానికి, తిరగడానికే పోతాయి. మిగిలేది 5.5 సెకన్లు. ఆ డబ్బా పైలట్‌కి కొనిపెట్టేది ఆ ఐదున్నర సెకన్లనే.

చవక ఎందుకు కావాలంటే

హెల్మెట్ మీరు పెట్టుకుంటే మీ తల భద్రం. పక్కవాడు పెట్టుకున్నాడా లేదా అన్నదానితో పని లేదు. ఫ్లార్మ్ అలా కాదు. అది యూపీఐ లాంటిది. మీ ఫోన్లో ఉండి షాపువాడి దగ్గర లేకపోతే చెల్లింపు జరగదు. నేను ఎంత ఖరీదైన డబ్బా కొన్నా, ఎదురుగా వస్తున్నవాడి దగ్గర లేకపోతే నా డబ్బాకి వాడు కనపడడు. నా ప్రాణం వాడి జేబు మీద ఆధారపడి ఉందన్నమాట.

అందుకే ఇక్కడ ధర తక్కువగా ఉండటం డిస్కౌంటు కాదు, రక్షణలో అదే ముఖ్యమైన భాగం. మొదటి డబ్బాలు కొన్ని వందల యూరోల్లోనే దొరికాయి. డిజైన్‌ని వేరే కంపెనీలకి కూడా లైసెన్సు ఇచ్చారు. ఎవరి బ్రాండు కొన్నా ఒకదాని మాట ఇంకోదానికి అర్థమవుతుంది. ఇవాళ ప్రపంచంలో 50,000కు పైగా విమానాల్లో ఇది ఉందని కంపెనీ చెబుతోంది. కొత్త మోడళ్లు పెద్ద విమానాల సిగ్నళ్లు కూడా వింటాయి, ధర కూడా పెరిగింది.

దీనికి ఇంకో షరతుంది. సాఫ్ట్‌వేర్‌ని క్రమం తప్పకుండా అప్‌డేట్ చేయాలి. గడువు దాటితే పనిచేయదు. మన ఫోన్లో ‘తర్వాత గుర్తుచేయి’ అని నెలల తరబడి నొక్కుతుంటాం కదా. అక్కడ అలా నొక్కినవాడు పక్కవాళ్లకి కనపడకుండా పోతాడు.

ఒక గొడవా ఉంది. ఫ్లార్మ్ రేడియో భాష బహిరంగం కాదు, ఎన్‌క్రిప్ట్ చేశారు. భద్రత, ప్రైవసీ కోసమే అని కంపెనీ వాదన. ప్రాణాలు కాపాడే భాషకి తాళం వేస్తే ఇంకా చవకైన పరికరాలు ఎలా వస్తాయని సొంతంగా తయారుచేసుకునే హాబీవాళ్ల ప్రశ్న. సాఫ్ట్‌వేర్ వాడిగా నా మనసు రెండోవాళ్ల వైపే మొగ్గుతుంది. ఎందుకంటే చవక వల్లే ఇది పనిచేసిందని ఇప్పుడే చెప్పుకున్నాం. 2022లో యూరప్ విమాన భద్రతా సంస్థ ఏడీఎస్‌-ఎల్ పేరుతో అందరికీ తెరిచిన ప్రమాణాన్ని ప్రచురించింది. డ్రోన్లు తిరిగే చోట చిన్న విమానాలు తమ ఉనికి చౌకగా చాటుకోడానికి అది దారి.

మన దగ్గర గ్లైడర్లు తక్కువే. పుణెలోని హడప్సర్‌లో డీజీసీఏ గ్లైడింగ్ కేంద్రం ఉంది. కానీ హిమాచల్‌లోని బీర్ బిల్లింగ్‌కి పారాగ్లైడింగ్ కోసం వెళ్తున్న తెలుగు కుర్రాళ్లు బోలెడు. సీజన్లో అక్కడ కూడా ఒకే గాలి కోసం అందరూ చేరతారు. 2024 అక్టోబరులో అక్కడ ఇద్దరు పైలట్లు గాల్లో ఢీకొని ఒక విదేశీయుడు చనిపోయాడు. ఈసారి వెళ్తే మీ పైలట్‌ని రేటు, వీడియో గురించే కాదు, “అన్నా, పైన ఎంతమంది ఉంటారు? ఒకరికొకరు ఎలా తెలుస్తారు?” అని కూడా అడగండి.

వెళ్లాలనుకుంటే

వాసర్‌కుప్పెలో 1924లో మొదలైన గ్లైడింగ్ స్కూలుంది, ప్రపంచంలో ఇదే పాతది. ప్రయాణికులని ఎక్కించుకునే ఫ్లైట్లకి ముందుగా మాట్లాడుకోండి. వాతావరణం బాగోకపోతే క్యాన్సిల్ చేస్తారు, బతిమాలొద్దు. ఏప్రిల్ నుంచి సెప్టెంబరు మంచి కాలం. జాకెట్, టోపీ, నల్లకళ్లద్దాలు తప్పనిసరి. ముందు కడుపునిండా బిర్యానీ మాత్రం వద్దు. ఆ సుడులకి అదీ తిరుగుతుంది.

జర్మనీ దాకా వెళ్లలేనివాళ్లకి కూడా ఒక దారుంది. ఓపెన్ గ్లైడర్ నెట్‌వర్క్ అని ఒకటుంది. స్వచ్ఛందంగా కొందరు తమ ఇళ్ల మీద చిన్న యాంటెనా, రాస్ప్‌బెర్రీ పై పెట్టి ఫ్లార్మ్ సిగ్నళ్లు పట్టి మ్యాపు మీద చూపిస్తారు. వేసవిలో మనకి సాయంత్రం ఐదైతే అక్కడ మధ్యాహ్నం ఒకటిన్నర, థర్మల్స్ లేచే వేళ. ఫోన్లో తెరిచి ఆల్ప్స్ మీదికి జరపండి. చిన్న గుర్తులు గుంపులుగా ఒకేచోట గుండ్రంగా తిరుగుతుంటాయి. అందరూ ఒకే వైపు. ప్రతి గుర్తు వెనకా ఒక మనిషి, తానెటు పోతున్నాడో సెకనుకోసారి పక్కవాళ్లకి చెబుతూ.